నాలుగు చారల నిక్కరు

ఒకే నిక్కరుకి నడుము పదకొండుసార్లు వదులు చేశారనీ, పదకొండోసారికి బట్ట చాలక కిటికీ తెర చింపి అతుకు వేశారనీ ఊళ్లో ఒక మాట ఉంది. ఆ అతుకు కళ్లారా చూశామన్నవాళ్లు తక్కువలో తక్కువ రెండొందలమంది. తెర రంగేమిటని అడిగితే మాత్రం రెండొందల రంగులు చెబుతారు. ఇంతవరకూ ఎవరూ రుజువు చేసిందీ లేదు, చెప్పుకోవడం మానిందీ లేదు.

ఆ నిక్కరు కుట్టిన టైలరు ముప్ఫయ్యేళ్లుగా బస్టాండు వెనక వీధిలో కొట్టు నడుపుతున్నాడు. రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల పడేసరికి మనిషి పక్కకి తిరిగి నడవాల్సినంత కొట్టు. ఆ ముప్ఫయ్యేళ్లలో ఆయన్ని ఎవరైనా పిలిచారంటే, "ఏయ్ టైలర్, జిప్పు అయిందా?" అనే. పేరూ అదే, బిరుదూ అదే. పెళ్లిళ్లలో ఫొటో తీసేవాడు "కాస్త పక్కకి జరగండి" అని చెయ్యి ఊపేది ఎప్పుడూ ఈయన వైపే. జరిగీ జరిగీ ఆయన సగం ఫొటోల్లో ఒక చెయ్యిగా మాత్రమే మిగిలాడు.

ఒక్కగానొక్క కూతురు ఫుట్‌బాల్ ఆడేవాణ్ణి చేసుకుంటానంటే ఈయన ఇల్లు పీకి పందిరేశాడు. "బంతిని తన్నేవాడు రేపు నిన్ను తన్నడని ఏముందే?" అన్నాడు. పిల్ల వినలేదు. చేసుకుంది. రెండేళ్లు ఈయన అల్లుడి గడప తొక్కలేదు. వీధిలో అల్లుడు ఎదురైతే ఈయన చెప్పులు కట్టుకునేవాడు. చెప్పులకి తాళ్లు లేకపోయినా సరే, వంగి కట్టుకునేవాడు.

ఆ అల్లుడు ఆడేది మన ఊరి జట్టుకే. ఏటా పేపర్లో పాయింట్ల పట్టిక పడితే, తలకిందులుగా పట్టుకుని "ఇదిగో మనమే ఫస్టు" అనుకోవడం ఊరివాళ్లకి అలవాటు. ఆ ఏడు మాత్రం పేపరు తిప్పాల్సిన అవసరం రాలేదు. పన్నెండు మ్యాచుల్లో పది గెలిచారు. పట్టికలో రెండో స్థానం. ఎప్పుడూ చివరి నుంచి రెండో వాళ్లమే కాబట్టి, అచ్చుతప్పేమోనని కొందరు పేపరాఫీసుకి ఫోను కూడా చేశారట. పది విజయాల్లో పదకొండు గోల్స్ అల్లుడివే.

ఇంకేముంది. ఊరందరికీ అతను అల్లుడైపోయాడు, ఈయన ఊరందరికీ మామగారైపోయాడు. ఈయనకంటే పన్నెండేళ్లు పెద్దవాడు, రిటైరైన లెక్కల మాస్టారు కూడా "మామగారూ" అనే పిలిచేవాడు. మాంసంకొట్టాయన తన ఖర్చుతో టైలరు కొట్టు ముందు బెంచీ వేయించాడు. ప్రతి సోమవారం సాయంత్రం అభిమానులంతా అక్కడే చేరేవాళ్లు. మధ్యలో కుర్చీ మామగారిది. మెళ్లో టేపు వేసుకుని, దాని రెండు కొసలూ పట్టుకుని, పూలదండ సర్దుకుంటున్నట్టు సర్దుకునేవాడు. "మావాడికి ఎడమకాలు బంగారం" అనేవాడు. రెండేళ్లుగా ఆ కాలు ఏ గుమ్మంలో ఉందో కూడా చూడని మనిషి.

ఇంట్లో ఆయన భార్య మాత్రం, "బయట ఎవరో మామగారూ అంటుంటే మా ఆయన కోసమని తెలీక, లేడని చెప్పి పంపించేశాను" అంది.

కొత్త కోచికి ఒక పిచ్చి ఉంది. క్లబ్బులో బరువు తూచే యంత్రం పాడై చాలా ఏళ్లయింది. అందుకని ఆయన నిక్కర్లకి ఎలాస్టిక్ వద్దన్నాడు. "ఎలాస్టిక్ అంత అబద్ధాలకోరు ఇంకొకటి లేదు" అనేవాడు. సీజను మొదట్లో ఒక్కొక్కరికీ కొలిచి, ముందు ఇనప హుక్కు పెట్టి కుట్టించాడు. కుట్టింది మన మామగారే. ప్రతి గురువారం జట్టంతా వరసలో నిలబడాలి. హుక్కు పట్టినవాడు ఆడతాడు, పట్టనివాడు పట్టేదాకా బయట కూర్చుంటాడు. అంతే పరీక్ష.

సీజను సగంలో మూడు వారాలు విరామం వచ్చింది. కొంప మునిగింది అప్పుడే. అల్లుడు వీధిలోకి వస్తే చాలు, "చిక్కిపోయావు నాయనా" అంటూ ఇంటికొకరు లాక్కెళ్లి తినిపించారు. మాంసంకొట్టాయన వారానికి రెండు తొడలు పంపాడు. అత్తగారైతే రెండేళ్ల బాకీ ఒకేసారి తీర్చుకుంటున్నట్టు, అతను ఆవులిస్తే నోట్లో ముద్ద పెట్టింది.

విరామం అయ్యాక మొదటి గురువారానికి ముందురోజు అల్లుడు కొట్టుకొచ్చాడు.

"మామయ్యగారూ, నిక్కరు పట్టట్లేదండి. ఉతుకులో బట్ట ముడుచుకుపోయిందేమో."

టైలరు టేపు చుట్టాడు. ముప్ఫై రెండు ఉండాల్సిన నడుము ముప్ఫై మూడుంది. టేపుకి మొహమాటం ఉండదు. "బాబూ, ఒళ్లొచ్చింది, నోరు కట్టుకో" అంటే సరిపోయేది. ఒక వారం, మహా అయితే రెండు వారాలు బయట కూర్చుంటాడు, తగ్గుతాడు, మళ్లీ ఆడతాడు. కానీ అల్లుడు బయట కూర్చుంటే ఆ రెండు సోమవారాలు మధ్య కుర్చీలో ఎవరు కూర్చుంటారు? "కాస్త పక్కకి జరగండి" అనే మాట టైలరు చెవిలో గింగురుమంది.

"బట్టే బాబూ," అన్నాడు. "నాసిరకం. అమ్మాయిని వేణ్ణీళ్లలో పెట్టొద్దని చెప్పు."

వెనక కుట్టు విప్పి, లోపలికి మడిచిన బట్టలోంచి ఒక అంగుళం వదిలాడు. నిక్కరు బయటంతా ఎండకి, ఉతుకుకి వెలిసిపోయింది. లోపలి మడత మాత్రం కొత్త నీలం. వదిలిన చోట ముదురు చార ఒకటి తేలింది. దాని మీద సుద్ద రుద్ది, వేలితో నలిపి, వెలిసినట్టు చేశాడు. గురువారం హుక్కు పట్టింది. కోచి "భేష్" అన్నాడు.

ఆ వారం మ్యాచి డ్రా. తర్వాత వరసగా నాలుగు ఓటములు. వాటిలో మూడు మ్యాచులకి ముందు అల్లుడు రావడం, "మళ్లీ ముడుచుకుందండి" అనడం, టైలరు కుట్టు విప్పడం. ప్రతి ఉతుకు తర్వాతా మళ్లీ సుద్ద రుద్ది ఇస్త్రీకి పంపడం. మొత్తం నాలుగు అంగుళాలు, నాలుగు చారలు, పెట్టెడు సుద్ద. జట్టు రెండో స్థానం నుంచి ఆరుకి జారింది.

ఐదో సోమవారం బెంచీ మీద కాలు పెట్టే చోటు లేదు.

"తప్పంతా కోచిది," అన్నాడు మాంసంకొట్టాయన. "గెలిచే జట్టుని మూడు వారాలు ఇంట్లో పడుకోబెడతాడా? నా కత్తి మూడు వారాలు వాడకపోతే తుప్పుపట్టదూ?"

"అసలు మనం గెలవడమే తప్పు," అన్నాడు లెక్కల మాస్టారు. జేబులోంచి కాగితం తీశాడు. "పది విజయాల్లో ఏడు ఒక్క గోలు తేడా. అందులో మూడు చివరి నిమిషంలో. దీన్ని ఆట అనరు, గాలివాటం అంటారు. గాలి తిరిగింది."

"మీ మొహం తిరిగింది. గెలిచినన్నాళ్లూ ఈ కాగితం ఏ జేబులో పెట్టుకున్నారు మాస్టారూ? చొక్కా చింపుకుని గంతులేసింది మీరు కాదూ?"

"చొక్కా పాతది."

నవ్వులు ఆగాక మాంసంకొట్టాయన టైలరు వైపు తిరిగాడు. "ఏమనుకోకండి మామగారూ, మీ అల్లుడు పరిగెత్తట్లేదండీ, బయల్దేరుతున్నాడు. అతను చేరేసరికి బంతికి పెళ్లయి పిల్లలు కూడా పుడుతున్నారు."

టైలరు టేపు కొసలు గట్టిగా పట్టుకున్నాడు. "మోకాలు నొప్పి. చెప్పుకోడు పాపం. గుట్టు మనిషి."

అప్పుడే ఎదురుకొట్టు ఇస్త్రీ అక్క నిక్కరొకటి పట్టుకుని వీధి దాటి వచ్చింది. ఆటగాళ్ల బట్టలు ఉతికేది ఎవరిళ్లలో వాళ్లే. మడతపెట్టేది మాత్రం ఈమె. "మామగారూ, ఇన్నాళ్లూ పొడిగానే పెట్టె తోశాను. ఇవాళ కాస్త నీళ్లు చల్లానా, సుద్ద కారిపోయి ఈ చారలు బయటపడ్డాయి. ఇవేంటండీ?"

మాస్టారు కళ్లజోడు సర్దుకుని నిక్కరు వెలుతురుకి పట్టాడు. ఒకదాని పక్కన ఒకటి, లేత నీలం, ముదురు, ఇంకా ముదురు. "ఒకటి. రెండు. మూడు. నాలుగు," అని క్లాసులో లెక్కపెట్టినట్టు పెట్టాడు. "విరామం తర్వాత ఓటములు నాలుగు."

బెంచీ అంతా టైలరు మొహం వైపు తిరిగింది. నిజం చెబితే మామగిరీ పోతుంది. చెప్పకపోయినా పోయేట్టుంది. మిగిలిన దారి ఒక్కటే కనిపించింది ఆయనకి.

"ఏం చెయ్యమంటారు? వద్దంటే వినలేదు," అన్నాడు, గొంతు తగ్గించి. "కాళ్లు పట్టుకున్నాడు. కోచికి తెలిస్తే నా బతుకు పోతుంది మామయ్యా అని ఏడ్చాడు. పిల్లనిచ్చుకున్నవాణ్ణి. కాదనలేకపోయాను."

"అబ్బ, ఎంత మంచివారండీ మీరు!" అంది ఇస్త్రీ అక్క. మాంసంకొట్టాయన అయితే కళ్లు తుడుచుకున్నాడు. రెండేసి తొడలు పంపిన సంగతి ఆయనకి ఆ క్షణంలో గుర్తులేదు.

శనివారానికి ఊరికి ఊరే టేపు కొన్నది. టైలరు దగ్గరే కొన్నది. ఉన్నవి చాలక ఆయన పాత టేపుల్ని మధ్యకి కత్తిరించి రెండేసి చేశాడు. హుక్కు పట్టింది కాబట్టి కోచి అల్లుణ్ణి ఆడించాడు. అతను బంతి ముట్టుకున్నప్పుడల్లా స్టాండు మొత్తం లేచి, చేతులు చాపి టేపులు సాగదీసి, "ముప్ఫై ఆరూ! ముప్ఫై ఏడూ!" అని అరిచింది. ఏభై నాలుగు నడుములవాళ్లు ముందు వరసలో నిలబడి అరిచారు. అల్లుడికి అర్థం కాలేదు. బంతి వదిలేసి స్టాండులో తనవాళ్ల కోసం వెతుక్కున్నాడు. మామయ్య కనిపించాడు. మెళ్లో టేపు.

పాపం, ఆ ఒక్కటీ ఆయన అలవాటుగా వేసుకొచ్చిందే. స్నానానికి వెళ్లినా మెళ్లో ఉండేదే. కానీ అల్లుడు చూసింది చూసినట్టే. ఆట మధ్యలో నడుచుకుంటూ బయటికెళ్లిపోయాడు. జట్టు మూడు గోల్స్ తింది.

సోమవారం కూతురు వచ్చింది. వెనకే మొగుడు. బెంచీ నిండుగా ఉంది. ఆమె చెప్పులు కూడా విప్పకుండా కొట్లోకి వచ్చి చేతులు రెండూ తండ్రి మిషను మీద పెట్టింది. వేళ్లన్నీ పగిలి ఉన్నాయి.

"నాన్నా, నెలన్నర నుంచి చన్నీళ్లలో ఉతుకుతున్నాను. చారలు కనిపిస్తే సబ్బు పడక రంగు తేలిందనుకుని మూడు రకాల సబ్బులు మార్చాను. నిక్కరు ముడుచుకుపోయినప్పుడల్లా ఈయన నన్ను తిట్టాడు. నీకు ఉతకడం రాదు, నా ఆట పాడు చేస్తున్నావన్నాడు. నేనూ నిజమే అనుకున్నాను. ఈయన నీ కాళ్లు ఎప్పుడు పట్టుకున్నాడు?"

టైలరు దారం సూదిలోకి ఎక్కించబోయాడు. ఎక్కలేదు.

"మామయ్యగారూ," అన్నాడు అల్లుడు మెల్లిగా, "నాసిరకం బట్టని మీరే అన్నారు కదండీ? ఒళ్లొచ్చిందని ఒక్కమాట చెబితే తిండి మానేసేవాణ్ణి కదా."

"అది కాదు బాబూ... నీ మంచికే..."

"కొలువు నాన్నా," అంది కూతురు. "అందరి ముందూ కొలిచి, పైకి చెప్పు."

టైలరు లేచాడు. టేపు చుట్టాడు. "ముప్ఫై ఆరు," అన్నాడు. గొంతు అల్లుడి చొక్కా గుండీ దాకా కూడా పోలేదు.

"వినపడలేదు!" అన్నాడు వెనకనుంచి మాంసంకొట్టాయన. "ఏయ్ టైలర్, గట్టిగా!"

మామగారు అనే మాట అక్కడితో చచ్చిపోయింది. ఎవరూ ఏడవలేదు. కూతురు మొగుణ్ణి తీసుకుని వెళ్లిపోయింది. వాళ్లు వీధి మలుపు తిరక్కముందే బెంచీ మీద మళ్లీ నవ్వులు. అల్లుడు తిన్న ముద్దల లెక్క, టైలరు రుద్దిన సుద్ద లెక్క మాస్టారు కాగితం మీద వేసి చూపించాడు. తినిపించినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ వెయ్యమనలేదు.

అల్లుణ్ణి కోచి తీసేశాడు. కొత్త ఫార్వర్డు వచ్చాడు. సన్నగా రివటలా ఉంటాడు. ఆ మ్యాచి అయిదు గోల్స్ తేడాతో ఓడిపోయారు. "గాలివాటమని నేను చెప్పలేదూ?" అన్నాడు మాస్టారు. అంటే అల్లుడి నడుము సన్నగా ఉన్నా ఓడేవాళ్లమేనా అని ఇస్త్రీ అక్క అడిగింది. ఆమెని బెంచీ మీంచి లేపేశారు.

కూతురూ అల్లుడూ ఊరు వదిలి వేరే చోట ఏదో చిన్న జట్టులో చేరారు. అక్కడ ఎలాస్టిక్ నిక్కర్లట. అతను బాగానే ఆడుతున్నాడట. ఉత్తరం ముక్క లేదు, ఫోను లేదు. టైలరు భార్య పొయ్యి దగ్గర కూర్చుని, వచ్చేపోయేవాళ్లని "చిక్కిపోయావు" అనడం మానేసింది. మొగుడితో మాటలు ఎప్పుడో మానేసింది.

కొత్త ఫార్వర్డు రెండు నెలల్లో మూడు గోల్స్ కొట్టాడు. మాంసంకొట్టాయన ఊరుకుంటాడా? తన రెండో కూతుర్నిచ్చి పెళ్లి చేసేశాడు. ఇప్పుడు మామగారంటే ఆయనే. బెంచీ తన కొట్టు ముందుకి మార్పించుకున్నాడు. పెళ్లి బట్టలు కుట్టింది టైలరే. ఫొటోలో ఒక మూల చెయ్యి కనిపిస్తుంది.

ఇదంతా నిజమేనా అని ఎవరైనా కొట్టుకెళ్లి అడిగితే, ఆయన నోట్లోని సూది తీసి బల్లకి గుచ్చి మరీ చెబుతాడు.

"ఎవరండీ మీకు చెప్పింది? చారలూ లేవు, సుద్దా లేదు. ఆ నిక్కరు నేను కుట్టిందే కాదు. నాకసలు ఫుట్‌బాల్ గుండ్రంగా ఉంటుందో, పలకగా ఉంటుందో కూడా తెలీదు. మామగారంటే మాంసంకొట్టాయన కదా, నన్నెవరన్నారు? అల్లుడెక్కణ్ణుంచి వస్తాడండీ, నాకు పిల్లలే లేరు. చేతులు పైకెత్తండి, నడుము కొలవాలి."