పాత షెడ్డుల ఇనవడ్డ మాట

దయ్యాలు, గాలి సోకుడు అసొంటివి నేను ఎన్నడూ నమ్మలే. నాచారంల ప్లాస్టిక్ డబ్బాలు చేసే కంపెనీల సూపర్‌వైజర్‌ని. మిషన్ ఆగితే ఎందుకాగిందో ఎతికి పట్టుకునుడే నా పని. ఈ ఒక్కదానికి మాత్రం ఇప్పటిదాక కారణం దొరకలే.

మల్లేశం మా మేనమామ. జనగామ దిక్కు నుంచి పడుచుతనంల ఖాట్మండు పోయిండు. అక్కడ ఒక పెద్ద హోటల్ కేసినోల పత్తాలు పంచే కొలువు. ఏడాదికోసారి ఇంటికొచ్చేటోడు. ఆ దేశంల గొడవలు ముదిరి, ఆడేటోళ్లు తగ్గిపోయినంక మొత్తానికే తిరిగొచ్చి, అత్తతోని ఉప్పల్ల కిరాయి ఇంట్ల ఉన్నడు. మా కంపెనీ గేటు కాడ వాచ్‌మన్‌గ నేనే పెట్టించిన.

మనిషి ఇక్కడున్నా మనసు ఆ ఊర్లనే ఉండె. టీ గ్లాసు చేతికొస్తే చాలు, మొదలుపెట్టేటోడు. బొంబాయి నుంచి, ఢిల్లీ నుంచి విమానాలకు విమానాలు జనం దిగుడు. కాళ్లు కూరుకపోయే ఎర్ర తివాసీ. గెలిస్తే సేట్ల భార్యలు చిన్నపిల్లల లెక్క చప్పట్లు కొట్టుడు. డ్యూటీ దిగి బయటికొస్తే ఎదురుంగ మంచుకొండలు.

"గా రోజులు మల్ల రావురా. గా హాల్ల గోడకు గడియారమే లేకుండె. మాకు పొద్దు గుంకుడు తెల్వదు" అనేటోడు.

ఉప్పల్ల స్టేడియం కొత్తగ లేచిన రోజులవి. ఒకనాడు అత్త ఏడ్సుకుంట మా ఇంటికొచ్చింది. "మీ మామ వంటింట్ల ఒక్కడే నిలవడి 'వస్తున్న, వస్తున్న' అంటుండు అల్లుడా. నాకు భయమైతుంది" అన్నది.

మామను అడిగిన. తల దించుకున్నడు. "పిలుస్తున్నరురా, అక్కడోళ్లు" అన్నడు.

నేను వాదన పెట్టుకోలే. రామంతాపూర్ల ఒక మనసు డాక్టరు దగ్గర సోమవారానికి టైం తీసుకున్న.

అంతకు ముందటి శనివారం. మా కంపెనీ వాళ్లు పక్కపొంటి ఉన్న పాత షెడ్డును కిరాయికి తీసుకున్నరు. నేను, మామ తాళం తీసుకొని సూడనీకి పోయినం. పగలు మూడు గంటలు. కరెంటు లేదు. రేకుల సందుల నుంచి ఎండ పడుతుంది. లోపల దుమ్ము, రెండు ఇరిగిన కుర్చీలు, అంతే.

నడిమిట్లకు పోంగనే మామ ఆగిండు. అంగీ పై గుండీ పెట్టుకున్నడు. రెండు చేతులు ముందుకు చాపి, అరచేతులు ఒకసారి పైకి, ఒకసారి కిందికి తిప్పిండు. చేతుల ఏం దాసుకోలేదని సూపెట్టనీకి పత్తాలు పంచేటోళ్లు అట్ల చేస్తరంట.

గప్పుడే ఇన్న. ఆడామె గొంతు.

"ఛిటో ఆవ్నుస్ న, దాజు."

మెల్లగనే, గానీ సాఫ్‌గ. అర్థం కాలే. అది హిందీ కాదు, తెలుగు కాదు. మామ పెదవులు మూసే ఉన్నయి. గొంతు వెనుక గోడ దిక్కు నుంచి వచ్చింది. ఆ గోడ అవుతల మోరీ తప్ప ఏం లేదు. తర్వాత పోయి సూసిన గూడ.

మామ గిర్రున తిరిగి నా చెయ్యి పట్టుకున్నడు. "నీకు గూడ ఇనవడ్డదా?"

అంత ఆశగ నన్ను ఎవ్వరూ ఎన్నడూ ఏదీ అడగలే.

"లేదు మామా" అన్న.

ఎందుకన్ననో తెల్వదు. భయానికో, ఒప్పుకుంటే డాక్టరు దగ్గరికి రాడనో. మామ చెయ్యి ఇడిసిపెట్టిండు. సోమవారం మారుమాట లేకుండ ఎంబడి వచ్చిండు. మందులు వాడిండు. మనిషి నిమ్మలమైండు. అత్త సంబురపడ్డది. గానీ మామ ఖాట్మండు ముచ్చట మల్ల తీయలే. నేను తీసినా "ఏముందిరా, పాత ముచ్చట్లు" అనేటోడు.

ఏండ్లు గడిసినయి. తెలంగాణ వచ్చింది. ఒకరోజు హబ్సిగూడల ఒక అపార్ట్‌మెంటు వాచ్‌మన్, నేపాల్ అతను, ఫోన్ల గవే మాటలు అంటుంటే కాళ్లు ఆగిపోయినయి. అర్థమేందని అడిగిన. "జల్దీ ఆవో భయ్యా" అని నవ్విండు. తొందరగ రా అన్నా అని.

సీదా ఉప్పల్ పోయిన. మామ మంచంల కూసోని చిక్కుడుకాయలు ఒలుస్తుండు.

"మామా, ఆ రోజు షెడ్డుల నాకు గూడ ఇనవడ్డది. అబద్ధం చెప్పిన."

చేతులు ఆగినయి. తిడతడనుకున్న.

"గొంతు ఎట్లుండె?" అన్నడు.

"జర బొంగురు. నవ్వు ఆపుకుంటున్నట్టు."

తువ్వాల మొకానికి అడ్డం పెట్టుకున్నడు. "నాకే పిచ్చి లేసిందనుకున్న గదరా, ఇన్నేండ్లు."

ఆమె ఎవరో చెప్పలే. అడగనీకి నాకు మొకం లేదు. మందులతోనే తగ్గిందా అని మాత్రం అడిగిన.

"మందులా? నువ్వు లేదన్నంక మల్ల ఒక్కసారి గూడ పిలువలే."

మందులు మొదలైంది సోమవారం. గొంతు ఆగింది శనివారం. అదెట్లనో ఎంత ఆలోచించినా నాకు అంతు చిక్కుతలేదు. నా 'లేదు' ఆమెకు గూడ ఇనవడ్డదేమో.