ముందటి అర్రలో మిషన్

జడ్చర్లలో నేను కిరాయికి ఉంటున్న ఇంటి మెట్ల కింద ఓనరమ్మ వాషింగ్ మిషన్ ఉంది. పొద్దున్నే అది వదిలిన నురగ నీళ్లు మోరీలోకి పోతుంటే ఒక వాసన నా గదిదాకా ఎక్కి వస్తుంది. ఏ పువ్వుదో ఎవరూ చెప్పలేని, ఏ తోటలోనూ పూయని, సీసాలో పుట్టి సీసాలోనే పెరిగిన పూల వాసన. మిగతావాళ్లకు అది శుభ్రమైన ఇంటి వాసన కావచ్చు, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. నాతోపాటు మందుల కంపెనీలో పనిచేసే ఆడపిల్లలు ఈ మధ్య టిఫిన్ డబ్బాలు విప్పుకుని, ఫోన్లలో మిషన్ల బొమ్మలు చూసుకుంటూ, ఖరీదుది కొంటే లాభమా, చవకది సరిపోతుందా అని ఒకటే వాదన. నన్ను అడిగితే ముద్ద నోట్లో పెట్టుకుని ఊరుకుంటాను. నోరు తెరిస్తే మా బాపును తిట్టాల్సి వస్తుంది, మొదలుపెడితే ఆగను. ఇక్కడ ఆగాల్సిన పని లేదు గనుక చెబుతాను.

మా ఊరికి పోవాలంటే నార్కట్‌పల్లి దగ్గర బస్సు దిగి, పత్తి చేన్ల మధ్యనుంచి ఆటోలో లోపలికి పోవాలి. తెలంగాణ వచ్చిన కొత్తల్లో, నేను నాలుగో తరగతి చదివే నాటికి, మా వాడకంతా మూలమలుపు దగ్గర ఒకటే బోరు. ఆ నీళ్లు చూడడానికి తేటగా ఉండేవి గాని, కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కట్టేది, తాగిన పిల్లల పళ్ల మీద పసుపు గీతలు పడేవి, పెద్దవాళ్ల మోకాళ్లు, మెడలు, భుజాలు ఒక్కొక్కటిగా బిగుసుకుపోయేవి. మా అవ్వ మెడ తిప్పలేక, ఎవరైనా వెనకనుంచి పిలిస్తే మనిషి మనిషంతా తిరిగేది. ఆ నీళ్లకు సబ్బు కూడా లొంగేది కాదు. ఎంత రుద్దినా నురగ రాదు, ఒక చొక్కాకు రెండు చొక్కాల చాకిరీ.

ఆ చాకిరీ అమ్మది. ఇంటి వెనక జామచెట్టు పక్కన నల్లటి బండ ఉండేది. ఎండాకాలం బాపు పంచెలకు పట్టిన ఎర్రటి చల్క నేల దుమ్ము, వానాకాలం పత్తికి కొట్టిన మందు వాసన, పొయ్యి పైన కట్టిన దండెం మీద ఆరీ ఆరక పొగచూరిన మా లంగాలు, చలికాలం తెల్లారగట్ల నీళ్లలో ముంచి తీసేసరికి ఎర్రగా వాచిపోయే అమ్మ వేళ్లు, అన్నీ ఆ బండ మీదికే వచ్చేవి. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస ముందు ఇల్లంతా సున్నం వేసి, పాత చీరలు పొరలుగా పేర్చి అవ్వ కుట్టిన బొంతలన్నీ ఉతికేవారు. తడిసిన బొంత పడ్డదూడంత బరువు. ఒక కొస అమ్మ, ఇంకో కొస మా వెనకింటి మరియమ్మ పట్టుకుని, ఒకరు ఇటు ఒకరు అటు మెలితిప్పుతుంటే కింద కారే నీళ్లలో పిల్లలం తలలు పెట్టి కేకలు వేసేవాళ్లం. గునుగు పూలకు రంగులద్దిన చేతులతోనే రొట్టె, బెల్లం కలిపిన మలీద ముద్దలు తిని, ఎండలో వేడెక్కిన ఆ బొంతల మీద దొర్లేవాళ్లం. మాకు అది పండుగ, అమ్మకు ఆ తర్వాత వారం రోజులు కొప్పు కట్టుకోవడానికి చేతులు పైకి లేచేవి కావు.

మరియమ్మ బళ్లో పిల్లలకు వంట చేసేది, ఆదివారం తెల్ల చీర కట్టుకుని చర్చికి పోయేది. ఒక యేడు ఆమె నల్లగొండనుంచి రెండు తొట్ల మిషన్ తెచ్చుకుంది. అన్నిటికన్నా చవక రకం. ఒక తొట్టిలో బట్టలు వేసి మనమే బకెట్‌తో నీళ్లు పోస్తే అది గిరగిరా తిప్పుతుంది. తర్వాత తడి బట్టలను తీసి రెండో తొట్టిలో వేస్తే పిండేస్తుంది. కరెంటు పోతే ఆగుతుంది, వస్తే తిరుగుతుంది, అంతే దాని చదువు. అమ్మ దాని పక్కన పీట వేసుకుని కూర్చుని చాలాసేపు చూసి వచ్చింది. ఆ రాత్రి బాపుకు అన్నం పెడుతూ అడిగింది.

"గసుంటిదే మనకొకటి తేరాదు? నా రెక్కలు గుంజుతున్నయ్."

"ఆళ్లింట్ల ఉన్నదే మనం తెస్తే మన ఇజ్జత్ ఏముంటది?" అన్నాడు బాపు. "ఆళ్లు" అన్న మాటను ఎలా అన్నాడో నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. ఆ ఇంటివాళ్లు చర్చికి పోతారు, ఒకప్పుడు మా తాత చేలో కూలికి వచ్చారు. అది చాలు ఆయనకు.

సరిగ్గా అప్పుడే టౌనులో మా చిన్నాయన, అంటే బాపు తమ్ముడు, కొత్తింట్లోకి పోయాడు. ఆ దావతులో అందరూ బగారన్నం తింటుంటే బాపు మాత్రం బాత్రూం పక్కన, గుండ్రటి అద్దం తలుపున్న పెద్ద మిషన్ ముందు నిలబడి, లోపల బట్టలు పొర్లడం చూస్తూ ఉండిపోయాడు. తమ్ముడి ఇంట్లో ఉన్నది తన ఇంట్లో లేకపోవడమా! పత్తి అమ్మగానే నల్లగొండ పోయాడు. దుకాణంవాడు అరచేతిలో వైకుంఠం చూపించాడు, "మోటర్ జబర్దస్తుంటది, నీకేం ఫికర్ లేదు పెద్దాయినా" అన్నాడట. మోటరు అన్న ఒక్క మాటకు మా బాపు పడిపోయాడు. బోర్లు వేసి వేసి ఎండిపోయిన రైతుకు మోటరంటే ఒకటే లెక్క: ఎంత పెద్దదైతే అంత లోతునుంచి నీళ్లు గుంజుతుంది. మరియమ్మ చవక మిషన్‌కు బలం లేదు గనుక నీళ్లు పోయాలి, మన ఖరీదు మిషన్ తనే గుంజుకుంటుంది అని ఆయన నమ్మకం. నిజానికి దానికి నీళ్లు పైనుంచి దిగాలి; మా ఇంట్లో నల్లా లేదు, పైన ట్యాంకు లేదు, ఉన్నది ఒక నీలం డ్రమ్ము. ఆ సంగతి దుకాణంవాడు అడగలేదు, ఈయన చెప్పలేదు.

మిషన్ ట్రాలీ ఆటోలో వచ్చింది. వెనక పెడితే ఎవరికి కనబడుతుందని దాన్ని ముందటి అర్రలో, టీవీ పక్కన పెట్టి, పసుపు కుంకుమలు పెట్టి కొబ్బరికాయ కొట్టారు. అది వచ్చిన అట్టపెట్టె మాత్రం పిల్లలకు దక్కింది. దానికి కిటికీలు కోసి, మొదటి వానకు నాని కూలిపోయేదాకా అందులోనే కాపురం చేశాం. ఆ మిషన్ వల్ల మా ఇంట్లో సుఖపడింది మేమే. బాపు డ్రమ్మును లోపలికి దొర్లించి, మిషన్ వెనక పైపును అందులో ముంచి, బావి మోటరుకు పోసినట్టు పైపులో చెంబుతో నీళ్లు పోసి, "ఇగ జూడుండ్రి" అని మీట నొక్కాడు. అది కాసేపు మూలిగింది. ఎర్ర దీపం వెలిగించి కుయ్యి కుయ్యిమంది. మళ్లీ నీళ్లు పోశాడు, మళ్లీ కుయ్యిమంది. "పైపుల గాలి వట్టింది," అన్నాడు బాపు గంభీరంగా. తలుపు దగ్గర చేరిన వాడవాళ్లు నవ్వు ఆపుకోలేక మొఖాలు తిప్పుకున్నారు. అమ్మ నవ్వలేదు. నానబెట్టిన బట్టలు చంకనేసుకుని బండ దగ్గరికి పోయింది.

తర్వాత ఇంటి మీద నల్ల ట్యాంకు ఎక్కించి, బోరునుంచి పైపు గుంజారు. మిషన్ కొన్నాళ్లు తిరిగింది. ఆ కొన్నాళ్లూ అమ్మ మధ్యాహ్నం పూట ఒత్తిగిలి పడుకోవడం నేను మొదటిసారి చూశాను. కాని మనుషుల కీళ్లనే బిగించిన నీళ్లు మిషన్‌ను వదిలిపెడతాయా? లోపలంతా తెల్లటి పెచ్చు కట్టి, ఒకనాడు నా బడి బట్టలను కడుపులో పెట్టుకుని తలుపు బిగుసుకుంది. వారం దాటాక నల్లగొండనుంచి వచ్చిన మెకానిక్ తలుపు పెకలించి, మురిగిపోయిన బట్టలను వాకిట్లో పారేసి, "గీ నీళ్లకు గిది ఆగది" అని బండెక్కి పోయాడు.

అప్పుడైనా దాన్ని తీసేస్తే అయిపోయేది. తీయలేదు. దాని మీద పూల గుడ్డ కప్పాడు, గుడ్డ మీద గడియారం పెట్టాడు. బట్టలు తిరిగే లోపలి తొట్టికి చిల్లులున్నాయి, గాలి ఆడుతుంది అని అవ్వ అందులో ఉల్లిగడ్డలు పోసింది; పైన పటారం, లోన ఉల్లిగడ్డలు. ఇంటికి చుట్టాలు వస్తే బాపు వాళ్లను దాని పక్కనే కూర్చోబెట్టి, "కంపెనీది, మా తమ్మునింట్ల గూడ గిసుంటిదే" అనేవాడు. అదే సమయానికి ఇంటి వెనకనుంచి బండ మీద బట్టలు బాదే చప్పుడు దబ్బు దబ్బుమని వినబడేది. వచ్చినవాళ్లకు వినబడేది, నాకు వినబడేది, ఆయనకు మాత్రం వినబడేది కాదు.

మరియమ్మ చాలాసార్లు గోడ మీదనుంచి పిలిచింది. "వదినే, బట్టలు ఇటియ్యి, నా మిషన్ల తిప్పిస్త. నీ చేతులు జూడు ఎట్లయినయో." ఒక్కసారి అమ్మ గంప ఎత్తుకుని పోయింది కూడా. బాపు వాకిట్లోనే అడ్డం తిరిగాడు. "ఇంట్ల గంత మిషన్ వెట్టుకొని ఆళ్లింటికి బట్టలు మోస్తవా? నలుగురు నవ్వరా?" అమ్మ ఆ గంపను అలాగే వెనక్కి తిప్పింది. ఆ మిషన్ మీద నాకున్న కోపం ఆ రోజుది. తలుపు బిగుసుకున్నందుకు కాదు, పాడైపోయి కూడా మా ఇంట్లో పెత్తనం చేసినందుకు. మరియమ్మ చవక మిషన్ రంగు పోయి, మూత విరిగి, మూతకు బదులు పళ్లెం పెట్టుకుని, నేను ఇంటర్ చదివేదాకా తిరుగుతూనే ఉంది.

ఈలోగా అవ్వ పోయింది. ఇంటింటికీ నల్లా వచ్చి నది నీళ్లు వచ్చాయి, సబ్బు నురగ వచ్చింది. సోఫాకు జాగా కావాలని బాపు ఆ మిషన్‌ను పాత ఇనుప సామాన్ల బండికి వేశాడు. నాకు నౌకరి వచ్చాక నేను చేసిన మొదటి పని అమ్మకు రెండు తొట్ల మిషన్ కొనడం. ఎన్నేళ్లుగానో పళ్లు కొరుకుతూ మోసిన పంతం అది. వెనక బండ పక్కన, నల్లా కింద పెట్టించాను. నీళ్లు నిండాయి, బట్టలు తిరిగాయి, ఆగాయి. తడి బట్టలను తీసి రెండో తొట్టిలో వేయాలి. అమ్మ వంగబోయింది, నడుము వంగలేదు. ఒక తువ్వాల కొస దొరకబుచ్చుకుంది గాని వేళ్లు ముడుచుకోలేదు, భుజం లేవలేదు, తువ్వాల జారి నీళ్లలో పడింది. చప్పుడు విని వచ్చిన మరియమ్మ కొంగు బిగించి, బట్టలన్నీ ఈ తొట్టిలోనుంచి ఆ తొట్టిలోకి వేసింది.

"ఇది జర ముందుగాల వస్తే మంచిగుండు బిడ్డా," అంది అమ్మ. "ఇప్పుడు నాకు మీ బాపు తెచ్చిందే అక్కరకొచ్చేటట్టున్నది. మీట నొక్కుతే అదే పిండుతుండె గద."

అరుగు మీద బాపు మొఖం వెలిగిపోయింది. "నే జెప్పలే? పైసలది పైసలదే."

బొంతలు పోయాయి, ఇప్పుడు అందరికీ రగ్గులే. బండ మీద చప్పుడు మా వాడలో ఎవరి ఇంటి వెనకనుంచీ వినబడదు. పిల్లలు మా బండ మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్నారు. మెట్ల కింద ఓనరమ్మ మిషన్ ఇప్పుడే ఆగింది, ఆ దొంగ పూల వాసన పైకి వస్తోంది. ఈ ఆదివారం నేను దుకాణానికి పోయి, ఎన్నేళ్లుగానో తిట్టిన ఆ గుండ్రటి అద్దం తలుపు మిషన్‌నే అమ్మకు కొనాలి. బాపు గెలిచాననుకుంటాడు, అనుకోనీ. కాని దాన్ని వెనకనే, బండ పక్కనే పెట్టిస్తాను. ముందటి అర్రలో పెడదామంటే చెబుతాను: వచ్చినోళ్లకు సూపెట్టనీకి అమ్మ చేతులున్నయ్ గద, గవి సూపెట్టు.