సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకున్న రోజు

కెమెరా కొత్తగా చేతికొచ్చిన రోజుల్లో మనిషికి ఇంట్లోవాళ్ల మాట చెవికెక్కదు. వీడియోల్లో పాఠాలు చెప్పేవాడి మాటే వేదం. శ్రీకాకుళంలో ఒక సెల్‌ఫోన్ల షాపులో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఒక సెకండ్‌హ్యాండ్ డిజిటల్ కెమెరా కొని, అన్నం తింటూ కూడా ఆ పాఠాలు వినేవాణ్ణి. మా గురువుగారు ఏ ఊరివాడో తెలియదు గానీ మాట మాత్రం ఖండితం. బ్యాటరీ నిండా ఛార్జింగ్ పెట్టుకో, ఇసుక ఎగిరేచోట లెన్స్ విప్పకు, ఫొటోలో నేల వాలిపోకుండా చూసుకో. ఇవన్నీ మంచి మాటలే, ఇప్పటికీ కాదనను. కానీ అన్నిటికంటే పెద్ద సూత్రమంటూ ఒకటి చెప్పాడు: సూర్యుడు ఎప్పుడూ నీ వీపు వెనక ఉండాలి, అప్పుడే ఎదుటివాళ్ల ముఖాల మీద వెలుగు పడుతుంది. ఆ మహానుభావుడు ఒక్కసారి మా సముద్రం ఒడ్డుకొచ్చి ఆ మాట చెప్పి ఉంటే బాగుండేది. తలుచుకుంటే ఇవాళ్టికీ నా ఒళ్లు మండుతుంది.

అప్పుడే మా ఊళ్లో మా బావ కొత్త బోటు కొన్నాడు. అక్క ఫోన్ చేసింది. "ఒరే తమ్ముడా, మీ బావ ఇన్నాళ్లూ ఒకల బోటు మీద సేపల ఏటకెల్లినోడు. ఇప్పుడు సొంత బోటు సముద్రంలోకి దిగతాది. తోసినోల్లందరి మొకాలూ ఫొటోలో పడాల. దిగిన బోటుని మల్లీ ఎనక్కి లాగి ఫొటో తీయించుకోలేం, గుర్తెట్టుకో." ఆ ఒక్క ఫొటో గోడకు తగిలించుకోవాలని మేకు కూడా కొట్టేసిందట.

తెల్లారి వెళ్లేసరికి ఒడ్డున బోటుకి పసుపు, కుంకుమ, బంతిపూలు. బావ కొత్త లుంగీలో ఎవరితోనూ మాట్లాడకుండా అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను బోటు వెనక నిలబడి ఒకటి తీసి చూసుకున్నాను. ముఖాలన్నీ బొగ్గు. ఎందుకుండవు? మాది తూర్పు తీరం. పొద్దుటి సూర్యుడు సముద్రంలోంచే వస్తాడు. ఆయన నా వీపు వెనకుండాలంటే నేను నిలబడాల్సింది సముద్రంలోనే. సరే, సూత్రం సూత్రమే అనుకుని ప్యాంటు మడిచి (మడిచి ఏం లాభం, నీళ్లు నడుం దాకా వచ్చాయి) కెమెరా నెత్తి మీద పెట్టుకుని, ఇక తోయండని కేకేశాను. బోటు కాస్త కదిలిందో లేదో, బావ వాళ్లమ్మ గొంతు లేచింది.

"ఆపండ్రా. కొత్త బోటుకి ఎదురొచ్చినోడెవుడు?"

"ఎదురు రాలేదత్తా. సూర్యుడు నా ఈపు ఎనక ఉండాల."

"సూర్యుడికి నీ ఈపుతో పనేటిరా? శుభమా అని బయల్దేరితే అడ్డంగా నిలబడిపోతావా?"

బయల్దేరేటప్పుడు ఎదురు తగిలితే కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ లేవడం మా వైపు ఆనవాయితీ. నాకు తెలియక కాదు, సూత్రం మైకంలో గుర్తు రాలేదు. ఊరంతా ఇసకలో కూలబడి బిందెలో నీళ్లు తాగింది. తాగుతున్నంతసేపూ అందరూ నన్నే చూశారు. ఒకాయన ముహూర్తం దాటిపోతన్నాదని సణిగాడు. నాకూ రోషం పొడుచుకొచ్చింది. ఎవరి ముఖాల కోసం ఉప్పునీళ్లలో నానుతున్నాను నేను? వాళ్ల ముఖాల కోసం కాదూ? ఫొటో తీయను పొమ్మన్నాను. అక్క కళ్లు తుడుచుకోవడం చూసి నోరు మూసుకున్నాను.

అంతవరకూ మాట్లాడని బావ నీళ్లలోకి వచ్చి నా చొక్కా పట్టుకున్నాడు. "ఎదురుగా ఉంటే కదా ఎదురు. బోటులో కూకుంటే నువ్వూ మాతోటి బయల్దేరినోడివే. ఎక్కు." ఎక్కడమేమిటి, బస్తాను పడేసినట్టు పడేశాడు. బోటు ముందు కొసన, ఒడ్డు వైపు తిరిగి కూర్చున్నాను. వీపు చుర్రుమంది. సూర్యుడు సరిగ్గా నా వెనకున్నాడు. తోస్తున్నవాళ్ల ముఖాలన్నీ చెమటతో సహా మెరుస్తున్నాయి. నొక్కాను. దిగుదామనుకునేలోపు బోటు కెరటాలు దాటేసింది. మధ్యాహ్నం దాకా కెమెరాను పొట్టకు హత్తుకుని, తిన్నదంతా గంగమ్మకు సమర్పించుకున్నాను. ఆ గురువు ఈ పాఠం ఏ వీడియోలోనూ చెప్పలేదు.

ఆ ఫొటో ఇప్పటికీ అక్కావాళ్ల ముందుగదిలో ఉంది. పళ్లు బిగించి, కనుబొమలు ముడేసి, మెడనరాలు పొంగిన ముఖాలు. వచ్చినవాళ్లంతా "ఎంత కట్టపడి తోస్తన్నారో సూడండి" అని మెచ్చుకుంటారు. బావ గంభీరంగా తలూపుతాడు. అక్క మాత్రం నా చెవిలో, "తోయడం కాదురా, అందరూ కలిసి నిన్నే తిడతన్నారు" అంటుంది.

ఈమధ్య నేను కెమెరా ఎత్తితే చాలు, చూసినవాళ్లంతా వెంటనే నవ్వు తగిలించుకుంటారు. మంచి కెమెరాలే కొన్నాను, ఫొటోలూ బాగానే వస్తాయి. కానీ ఎప్పుడు అక్కావాళ్లింటికి వెళ్లినా ఆ గోడ ముందు కాసేపు ఆగుతాను. అందులో నేను లేను. ఆ చూపులన్నీ ఎక్కడికి చేరుతున్నాయో చూస్తే మాత్రం, తడిసిన ప్యాంటుతో రోషంగా కూర్చున్న ఒక కుర్రాడు కనిపిస్తాడు. వాడిమీద ఊరంతటికీ అంత కోపమొచ్చిందంటే, వాడు ఆ ఊరివాడే కాబట్టి.