బాచుపల్లిలో ఎవరింటికి?

డెబ్భైల మొదట్లో కాకినాడ నుంచి బదిలీ మీద హైదరాబాదు వచ్చిన నాకు ఆదివారాల్లో ఒకటే సరదా. ఏదో ఒక బస్సెక్కి, కిటికీ పక్కన చేరి, ఆఖరి స్టాపు దాకా ఊళ్లు చూసుకుంటూ పోవడం.

ఓసారి బాచుపల్లి బస్సెక్కాను. నా పక్కన మల్లమ్మ అనే ముసలామె కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎవరింటికి పోతున్నవ్ కొడుకా?"

"ఎవరింటికీ కాదండి. ఊరికే, ఊరు చూద్దామని."

"ఊర్ల ఏమున్నది చూడనీకి?"

కోడి కూడా నావైపు అనుమానంగా చూసింది. ఇక బస్సంతా నా గురించి పరేషాన్. పెళ్లాంతో కొట్లాడి వచ్చానని ఒకరు, పిల్లను చూడ్డానికొచ్చి సిగ్గుపడుతున్నానని ఇంకొకరు. చివరికి నేను దిగబోతే కండక్టరు తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరిల్లో చెప్పకుంట ఎట్ల దిగుతరు సారూ?"

"ఫికర్ చెయ్యకుండ్రి, మా ఇంటికే" అని మల్లమ్మ తేల్చేసింది. కోడిని నా చేతుల్లో పెట్టి ముందు నడిచింది.

ఆ రోజు నేను ఊరు చూసింది లేదు. వాళ్లింట్లో నేను జొన్నరొట్టెలు తింటుంటే, ఊరే వచ్చి నన్ను చూసిపోయింది.

సాయంత్రం తిరుగు బస్సులో పక్కాయన కూడా ఎవరింటికొచ్చావని అదే ప్రశ్న వేశాడు. ఈసారి తడుముకోలేదు.

"మల్లమ్మ పెద్దమ్మ ఇంటికొచ్చానండి" అన్నాను దర్జాగా.

ఆయన మొహం వెలిగిపోయింది. "మల్లమ్మ మా మేనత్తనే! నిన్ను ఎన్నడు చూడలే. ఏ దిక్కు నుంచి చుట్టమైతవ్?"

"బస్సు దిక్కు నుంచండి" అన్నాను.