బంట్ ఎప్పుడు చెయ్యాలి

నా చిన్నప్పుడు ఆస్ట్రేలియాలోని టూవూంబాలో తెలుగు మాట వినిపించే ఇళ్ళు రెండే ఉండేవి. ఒకటి మాది, రెండోది మా నాన్నగారితో పాటు ఆస్పత్రిలో పనిచేసే డాక్టరుగారిది. ఆయన కూతురు, మా పక్కింటి అక్క, టీచరు కావడానికి చదువుకుంటూ, సాయంత్రాలు మా స్కూలు ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ నేర్పేది. సాఫ్ట్‌బాల్ అంటే దాదాపు బేస్‌బాలే. బంతి కాస్త పెద్దది, చేతిని కిందినుంచి తిప్పి విసురుతారు. బ్యాటు పట్టినవాళ్ళు మైదానం మూలల్లోని మూడు బేస్‌లూ వరసగా చుట్టి, బయల్దేరిన చోటికి తిరిగొస్తే ఒక పరుగు.

మేం ఇండియా నుంచి వచ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఇంగ్లీషు అర్థమయ్యేది కానీ నోరు పెగిలేది కాదు. ఆటలో నాకు బాగా వచ్చిన విద్య బంట్ ఒక్కటే. బ్యాటు ఊపకుండా బంతికి అడ్డం పెట్టి, దగ్గర్లోనే పడేలా మెల్లగా తగిలించాలి. అవతలివాళ్ళు దాన్ని అందుకుని మనల్ని ఔట్ చేసేలోపు, బేస్ మీద ఉన్న మన జట్టు పిల్ల తర్వాతి బేస్‌కి చేరిపోతుంది. అంటే మనం ఔటైపోయి ఆమెను ముందుకు పంపడమన్నమాట. నేను ఎప్పుడు బ్యాటు పట్టినా అదే చేసేదాన్ని. అందరూ మెచ్చుకునేవారు. అమ్మ మురిసిపోయేది.

అక్క మాత్రం మెచ్చుకోలేదు. ఒక శనివారం మేం నాలుగు పరుగులు వెనకబడి ఉన్నాం. అప్పటికే ఇద్దరు ఔట్. మూడో ఔట్ పడితే మా వంతు అయిపోతుంది. నేను వెళ్ళి మామూలుగానే బంట్ చేసి ఔటయ్యాను. ఇంటికొచ్చేటప్పుడు కారులో అక్క అడిగింది.

"ఎందుకు చేశావ్?"

"టీమ్ కోసం అక్కా."

"టీమ్‌కి ఏమొచ్చింది?"

ఇంటి ముందు కారాపి కూడా అక్క దిగలేదు.

"చూడు, మనకున్నవి మూడే ఔట్లు. ఒకటి ఇచ్చేస్తే దానికి తగ్గది రావాలి కదా. ఇద్దరు ఔటయ్యాక ఇస్తే ఇన్నింగ్సే పోతుంది. నాలుగు రన్స్ కావాల్సినప్పుడు ఒక్క బేస్ కోసం ఇస్తే ఏం లాభం? ఒక్క రన్ చాలు, ఇంకా ఎవరూ ఔట్ కాలేదు, నీ వెనకొచ్చేది నీకన్నా బాగా కొడుతుంది. అలాంటప్పుడు చెయ్యి, ఐ విల్ బి ప్రౌడ్." నా వైపు తిరిగి, "నువ్వు టీమ్ కోసం చెయ్యట్లేదురా. ఊపితే మిస్సవుతానని భయం. అంతేగా?" అంది.

నాకు ఏడుపొచ్చింది. అక్క ఓదార్చలేదు. ఆ రోజు నుంచి నాకు బంట్ బంద్ అని చెప్పేసింది.

ఆ తర్వాత చాలా వారాలు నేను ఊపిన బ్యాటుకి గాలే తగిలింది. అమ్మ చూడలేక, "పోనీ తనకొచ్చింది ఆడనివ్వమ్మా" అని అడిగింది. "తనకి ఇంకా చాలా వచ్చు ఆంటీ, బయటికి రానివ్వండి" అంది అక్క. ఒక సాయంత్రం నిజంగానే బంతి బ్యాటు మధ్యలో తగిలి అందరి తలల మీదుగా పోయింది. పరుగెత్తడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డాను.

ఆ సీజన్ చివరి ఆటలో స్కోర్లు సమానంగా ఉన్నాయి. మా ఆఖరి వంతు. మొదట వెళ్ళిన పిల్ల రెండో బేస్ మీదికి చేరింది. తర్వాత నేను. నా వెనక మా జట్టులో అందరికన్నా బలంగా కొట్టే పొడుగుపిల్ల. అక్క వైపు చూశాను. "నీ ఇష్టం" అంది.

కొట్టగలనని అప్పటికి నాకు తెలుసు. అయినా బంట్ చేశాను. నేను ఔట్, రెండో బేస్ పిల్ల మూడుకి చేరింది. పొడుగుపిల్ల బంతిని చాలా దూరం కొట్టింది. దాన్ని పట్టేశారు, కానీ ఈ ఆటలో పట్టాక కూడా బేస్ మీదున్నవాళ్ళు పరుగెత్తొచ్చు. పట్టిన మరుక్షణం మూడో బేస్ పిల్ల పరుగందుకుని బయల్దేరిన చోటికి చేరింది, మేం గెలిచాం. రెండో బేస్ దగ్గరే ఉండి ఉంటే ఆ పరుగు వచ్చేది కాదు.

అందరూ ఆ ఇద్దరి మీదా పడిపోయారు. నేను అక్క దగ్గరికెళ్ళి, బంట్ ఎందుకు చేశానో అడగకుండానే చెప్పుకుపోయాను. అదీ ఇంగ్లీషులో, అందరి ముందూ. అక్క నవ్వుతూ వింది.

పెద్దయ్యాక "నువ్వు కాస్త సర్దుకో" అనే మాట చాలాసార్లు విన్నాను. మావారికి పెర్త్‌లో ఉద్యోగం వచ్చినప్పుడు యూనివర్సిటీలో నా పని వదులుకుని వెళ్ళాను. ఆయన అక్కడ నిలదొక్కుకున్నారు, ఇల్లు నిలబడింది. కొన్నేళ్ళకి మళ్ళీ ఊరు మారదామన్నారు. ఈసారి ఆ మార్పువల్ల ఆయనకి ఒరిగేది పెద్దగా లేదు, నాకు పోయేది చాలా ఉంది. రానన్నాను. కొన్నాళ్ళు ఇంట్లో మాటలు తగ్గాయి, తర్వాత మామూలయ్యాయి.

త్యాగం మంచిదేనా అని మా అమ్మాయి ఒకసారి అడిగింది. దేనికోసం ఇస్తున్నావు, ఇచ్చాక అందుకునేవాళ్ళు ఉన్నారా అని దాన్నే తిరిగి అడిగాను. ఏ నిర్ణయం ముందైనా నాకు నేను వేసుకునే ప్రశ్నలూ అవే.