జమాలుద్దీన్ గారి ఎలుక

వాషింగ్ మెషిన్‌లో వైరు ఎవరు తెంపినా, ఎలా తెంపినా, జమాలుద్దీన్ దృష్టిలో నేరస్థురాలు ఒక్కతే. ఎలుక.

లాలాగూడలో రైల్వే క్వార్టర్ల ఎదురుగా అతని రిపేరు దుకాణం. ఇరవై రెండేళ్ళుగా సికింద్రాబాద్‌లో సగం మెషిన్ల కడుపులు విప్పి చూసిన మనిషి. మెషిన్‌ను గోడకు వాల్చి, కిందకు టార్చి వేసి, నోట్లో వక్కపలుకు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చి, పెద్దాసుపత్రి డాక్టరులా నిట్టూర్చి, "ఎలుక" అంటాడు. ఆ తీర్పు మీద అప్పీలు లేదు.

ఒకసారి పక్క వీధి విజయేందర్, ఫోన్లో వీడియో చూస్తూ తన మెషిన్ తనే విప్పుకున్నాడు. ఏ వైరు దేనికో తెలియక ఎర్రదాన్ని నల్లదానికి ముడేసి, పిల్లల పుస్తకాలకు అట్టలేసే టేపు పైన చుట్టాడు. మెషిన్ ఢామ్మని ఒక్క కేక పెట్టి మూగబోయింది. జమాలుద్దీన్ వచ్చి చూశాడు.

"ఎలుక."

విజయేందర్ భార్య నడుము మీద చెయ్యి పెట్టుకుంది. "ఎలుక టేపు సుత చుట్టిందా అన్నా?"

"ఇప్పటి ఎలుకలు మస్తు హుషారున్నయి చెల్లె."

మూడు పిల్లులున్న ఇంట్లో కూడా ఇదే మాట. "ఇన్ని పిల్లులుంటే ఎలుకెట్ల వస్తది?" అని ఇంటాయన నిలదీశాడు. "పిల్లులను చూసి పరేషాన్ అయ్యి, ఏం చేస్తున్నదో తెల్వక కొరికేసింది సార్" అన్నాడు జమాలుద్దీన్, ఆ ఎలుక తనకు వాంగ్మూలం ఇచ్చినంత నమ్మకంగా. మోండా మార్కెట్లో ఎలుకల బోన్లమ్మేవాడికీ ఇతనికీ ఏదో లోపాయికారీ ఒప్పందం ఉందని ఊళ్ళో ఒక పుకారు. ఇంట్లో భార్య నూర్‌బీ అయితే, గాజు గ్లాసు పగిలిన చప్పుడు వింటే చాలు, వంటింట్లోంచే, "ఎలుకేనా జీ?" అని అడుగుతుంది.

అలాంటి జమాలుద్దీన్ వెళ్ళి వెళ్ళి కాప్రాలో గవరమ్మ చేతిలో పడ్డాడు.

గవరమ్మది విజయనగరం వైపు. కొడుకు సూరి ఉద్యోగం కోసం కుటుంబమంతా ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. శుభ్రత విషయంలో ఆవిడ మిలటరీ. కొన్న కొత్తిమీరను మూడుసార్లు కడుగుతుంది, కడిగిన గిన్నెను వాసన చూస్తుంది. ఆ ఇంట్లో మెషిన్ నీళ్ళు తీసుకుంటోంది గానీ తిరగడం మానేసింది. రోజూ ఆ వాష్ ఏరియా కడిగేది పనిమనిషి కాంతమణి కాబట్టి, తప్పు ఆమెదేనని గవరమ్మ ముందే తేల్చేసింది.

జమాలుద్దీన్ మెషిన్ వాల్చాడు. మోటారుకు వెళ్ళే వైర్లు రెండు తెగి వేలాడుతున్నాయి. చాలాసేపు చూశాడు. తలుపు దగ్గర చీపురు పట్టుకుని బిక్కమొహంతో నిలబడ్డ కాంతమణినీ చూశాడు.

"ఎలుకమ్మా."

గవరమ్మ మొహం కందగడ్డయింది. "ఎలకేటి? మా ఇంట్లోనా? నీకు కళ్ళు కనబడతన్నాయా బాబూ?"

"జెర చిన్న ఎలుకే అమ్మా" అని తగ్గించబోయాడు జమాలుద్దీన్.

"చిన్నదైతే మాత్రం ఎలక కాదేటి!"

అతను తెగిన కొసలు కత్తిరించి సంచిలో పడేసి, మిగిలిన వైరు ఒలిచి, మెలివేసి, టంకం పెట్టి, పైన రబ్బరు గొట్టం తొడిగి వేడి చూపించాడు. కింద ఇనుప జాలీ కూడా బిగించాడు. మెషిన్ గిర్రున తిరిగింది. గవరమ్మ కళ్ళు అంతకన్నా గిర్రున తిరిగాయి.

మర్నాటి నుంచి వేట షురూ అయింది. మూలమూలకీ బోన్లు, బోనుకో పకోడీ. మంచాల కింద జిగురు అట్టలు. ఒకదానికి సూరి కాలు అంటుకుని, ఆఫీసుకు బూట్లు మాని చెప్పులతో వెళ్ళాల్సి వచ్చింది. చివరికి అడుగుజాడలు దొరుకుతాయని వాష్ ఏరియా అంతా బియ్యప్పిండి చల్లింది. తెల్లారి చూస్తే పిండిలో జాడలున్నాయి. అన్నీ గవరమ్మవే.

నాలుగో రోజు కాంతమణిని పిలిచింది. "ఎలక లేదని రుజువైపోయింది. అంటే నువ్వే లాగి తెంపేసి ఉంటావు. రేపట్నించి పనిలోకి రాకు."

"నేను ముట్టలేదమ్మా" అంది కాంతమణి. గవరమ్మ వినిపించుకోకుండా జమాలుద్దీన్‌కు ఫోన్ చేసింది. "రా బాబూ. నీ ఎలకని నువ్వే వచ్చి చూపించు."

అతను పరుగున వచ్చాడు. హాల్లో కాంతమణి ఖాళీ టిఫిన్ డబ్బా సంచిలో సర్దుకుంటోంది. అది చూడగానే అతని మొహంలో నవ్వు పోయింది. గవరమ్మను వాష్ ఏరియాలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. పనిముట్ల సంచిలోంచి ఆ రోజు కత్తిరించి తీసిన వైరు ముక్క బయటపెట్టాడు.

"ఎలుక కొరికితే పంటి గాట్లుంటయమ్మా, రంపం కోసినట్టు. ఇది చూడున్రి, ఒకటే గీత. సన్నటి ఇనుము తగిలింది. మెషిన్ కింద ఎవలన్న ఏమన్న పెట్టి గీకిన్రా?"

గవరమ్మకు అప్పుడు గుర్తొచ్చింది. మొన్న శనివారం. ప్లగ్గు తీసి, నేల మీద బోర్లా పడుకుని, మెషిన్ కింద పేరుకున్న సబ్బు గారను అట్లకాడతో బరబరా గీకింది తనే. అక్కడ మురికి ఉందని తెలియడమే నామోషీ అని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు గీకింది.

"నీకు మొదటి రోజే తెలుసేటి?"

"ఇనుమని ఎరుక. ఎవలదో అడగలేదు."

"మరెందుకు ఎలకన్నావు?"

జమాలుద్దీన్ తల గోక్కున్నాడు. "పని నేర్చుకున్న కొత్తల ఒకింట్ల నిజం చెప్పిన. కోడలు వైరు మీద బకెట్ పెట్టిందని. మళ్ళ నెలకు పోతే ఆ పిల్లతోని ఎవ్వలు మాట్లాడతలేరు. మెషిన్ మాత్రం మంచిగ తిరుగుతున్నది. ఆనాటి సంది ఎలుకనే అంటున్న. ఎలుకను ఎంత తిట్టినా దానికేం తక్లీఫ్ లేదు కదమ్మా."

గవరమ్మ వైరు ముక్క అందుకుని, ఆ గీత మీద వేలితో రాసి చూసింది. తర్వాత విసురుగా తలుపు తీసింది.

"ఒలే కాంతమణీ! నువ్వు కాదే. ఎలకా కాదు. నానే. అట్లకాడెట్టి గీకీసినాను."

జమాలుద్దీన్ నుదురు కొట్టుకున్నాడు. ఇరవై రెండేళ్ళలో నేరం ఒప్పుకున్న మనిషిని చూడటం అదే మొదటిసారి. కాంతమణి సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏటలా సూస్తావు? సంచి పక్కనెట్టు. కూకో. కిందన కాదు, కుర్చీలో. నువ్వూ కూకో బాబూ. టీ నానెడతాను." క్షమాపణ అనే మాట గవరమ్మకు నోరు తిరగదు. అందుకని టీలో అల్లం రెండింతలు దంచి వేసి, మొదటి గ్లాసు కాంతమణి చేతికిచ్చింది.

ముగ్గురూ టీ తాగుతుంటే ఎదురింటి బ్యూలా గుమ్మంలోంచి తొంగి చూసింది. "మెషిన్ బాగైందా ఆంటీ? ఇంతకీ ఏమైందంట?"

కాంతమణి గ్లాసు నోటి దగ్గరే ఆపింది. గవరమ్మ కొంగు సర్దుకుంది.

"ఎలకమ్మా" అంది నింపాదిగా.

"అయ్యో, మీ ఇంట్లోనా! పెద్దదా?"

"పెద్దదే. వయసు మళ్ళింది పాపం. బుద్ధొచ్చిందిలే, ఇంకలా చెయ్యదు."

కాంతమణికి పొలమారింది. జమాలుద్దీన్ మాత్రం గ్లాసులోకే చూస్తూ, పెద్దాసుపత్రి డాక్టరులా, అవునన్నట్టు తలూపాడు.