మడిచి చూపించిన బెల్టు

ఈ మాటను ఇన్నేళ్లు నాలోనే పెట్టుకుని తిరిగాను. బరువుగా ఉండేదా అని అడిగితే ఏమని చెప్పను? మొదట్లో ఉండేది. రానురాను అలవాటైపోయింది. ఇప్పుడు తలుచుకుంటే గుండె దడదడలాడదు, కళ్లలో నీళ్లు రావు. అదే నాకు భయంగా ఉంది. మీరు నాకు తెలియరు, నేను మీకు తెలియను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

కరీంనగర్‌లో నాకు చిన్న కార్ల షెడ్డు ఉండేది. తొంభైల మొదట్లో అక్కడికి ఒక బండి వచ్చేది. హుజూరాబాద్ దగ్గర రైస్‌మిల్లు నడిపే పెద్ద కుటుంబం వాళ్లది. ఆ ఇంటి చిన్న కొడుక్కి కార్ల పందేల పిచ్చి. పైకి మామూలు చిన్న కారే. లోపల ఇంజన్‌ను మాత్రం హైదరాబాద్‌లో విప్పించి, పందేలకు తగ్గట్టు మార్పించాడు. కాలు ఆనిస్తే చాలు, ఎగిరి దూకేది. మా వైపు ఆ బండి మీద చేయి వేసేది నేనొక్కణ్ణే. అది షెడ్డు ముందు ఆగితే దారిన పోయేవాళ్లు కూడా నిలబడి చూసేవాళ్లు. నేను కావాలనే చేతులు తుడుచుకుంటూ మెల్లగా బయటికి వచ్చేవాణ్ణి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆ గర్వం నాకు అన్నం కన్నా రుచిగా ఉండేది.

బండికి డ్రైవర్ రాజమౌళి. సిరిసిల్ల నేత కుటుంబం వాడు. మగ్గాల దుమ్ము పడక, పెళ్లయ్యాక స్టీరింగ్ పట్టాడు. సాంచాలనే ఆ మరమగ్గాల దగ్గర గంటల తరబడి నిలబడ్డవాడికి డ్రైవర్ సీటు పని కాదు, పండుగ అని నవ్వేవాడు. ఆ సీటు తప్ప అతనికి ఇంకేమీ అక్కర్లేదు.

నాగపూర్‌లో పందేలున్నాయి, టైమింగ్ బెల్టు మార్చమన్నాడు చిన్న సారు. ఇంజన్ పక్కన తిరిగే పళ్ల బెల్టు అది. కింది షాఫ్టునూ పై షాఫ్టునూ లెక్క తప్పకుండా తిప్పేది అదే. అది తెగితే ఆ ఇంజన్‌లో వాల్వులు వెళ్లి పిస్టన్లకు కొట్టుకుంటాయి. ఇక ఇంజన్ పని అయిపోయినట్టే.

సికింద్రాబాద్ పోయి రెండు బెల్టులు తెచ్చాను. ఒకటి పందెం బండ్ల కోసం చేసిన గట్టిది. ఇంకొకటి మామూలు కార్లకు వేసే మెత్తది. నచ్చనిది వాపసు తీసుకుంటానన్నాడు దుకాణం ఆయన. వీటిని మడవొద్దని కూడా చెప్పాడు. మడిస్తే లోపలి దారాలు విరుగుతాయట, పైకి ఏమీ కనపడదట. విన్నాను. వినలేదని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

రైస్‌మిల్లుల్లో ఒక పద్ధతి ఉంది. కొత్త బెల్టు వస్తే దాన్ని వెనక్కి మడిచి, బొటనవేలితో నొక్కి, పగుళ్లు లేవని అందరికీ చూపించాలి. అలా చూపించని బెల్టును మిల్లువాళ్లు ముట్టుకోరు. మిల్లు బెల్టుకు అది సరిపోతుంది. నేను బండి దగ్గరికి పోయేసరికి చిన్న సారు, ఆయన అన్న, హమాలీలు అందరూ మిల్లు ముందే ఉన్నారు.

"మిస్త్రీ, మడిచి సూపెట్టు," అన్నాడు సారు.

గట్టి బెల్టు మడత పడలేదు. ఎండిన తోలు లెక్క ఉంది, వద్దన్నారు. మెత్తది తీశాను. 'వీటిని మడవొద్దు సార్' అనే మాట నోటిదాకా వచ్చింది. అంటే ఏమయ్యేది? మిస్త్రీకి తన సామాను మీద తనకే నమ్మకం లేదని నవ్వుకునేవాళ్లు. బండిని హైదరాబాద్ పంపేవాళ్లేమో. నేను బెల్టు వీపు మీద అచ్చు వేసిన అక్షరాలు పైకి వచ్చేలా మడిచి, రెండు వేళ్లతో గట్టిగా నొక్కి, అందరి ముందూ తిప్పి చూపించాను. శెభాష్ అన్నారు. ఆ బెల్టే బిగించాను.

తెగుతుందని తెలిసే వేశానా? లేదు. ఏమీ కాదులే అనుకున్నాను. ఆ రెండు మాటలకూ ఎంత తేడా ఉందో ఇప్పటికీ నాకు తేలలేదు.

పందేలకు ముందే బండిని తీసుకుని రాజమౌళి ఒక్కడే బయల్దేరాడు. నిర్మల్ దాటాక కొండ మీది ఘాటు రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ ఆగిపోయింది. లారీకి కట్టి వెనక్కి లాక్కొచ్చారు. మూత విప్పింది నేనే. బెల్టు అడ్డంగా తెగి ఉంది. ఒక్క పన్ను కూడా అరగలేదు. తెగింది సరిగ్గా ఆ అక్షరాల మధ్య, నా వేళ్లు నొక్కిన చోట. చూస్తూ కూర్చున్నాను. ఏడుపు రాలేదు.

ఎట్లా తెగిందని సారు అడిగితే, కాలు గట్టిగా పడి ఇంజన్ బాగా రేసైనట్టుందని అన్నాను. రాజమౌళి పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని ఏముంది? బండిలో ఉన్నది అతనొక్కడే. ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశారు. హోటల్ దగ్గర జనం 'ఇంజన్ మింగినోడు' అని పిలవడం మొదలుపెట్టారు.

కొన్నాళ్లకు అతను షెడ్డుకు వచ్చాడు. ఇద్దరమే ఉన్నాం.

"అన్నా, ఇంజన్ ఇప్పింది నువ్వే గదా. జర నిజం చెప్పు. ఘాటు కాడ మెల్లగనే ఎక్కిచ్చిన. గని అందరు గట్లనే అంటుంటె నాకే అనుమానమొస్తుంది. తప్పు నాదేనా?"

నేను ప్లగ్గు రుద్దుతున్నాను. తల ఎత్తలేదు.

"నీదే ఉండొచ్చు మౌళీ. గంత స్పీడు బండి. కాలు ఎప్పుడు గట్టిగ పడ్డదో నీకే తెల్వకపోవచ్చు."

అతను తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు.

"గట్లనా. సరే అన్నా. తెల్వక పరేషానైతుండె. ఇగ ఫికర్ లేదు."

వెళ్లిపోయాడు. చూశారా, నా అసలు పాపం ఇది. బెల్టు మడిచింది గొప్ప కోసం. సారు ముందు నిజం చెప్పనిది భయంతో. కానీ ఇక్కడ ఎవరున్నారు? వినేవాళ్లు లేరు, అడిగింది అతను, అదీ నన్ను నమ్మి. ఎందుకు అబద్ధం చెప్పాను? అతను తప్పు చేసినవాడైతేనే నేను చేయనివాణ్ణి అవుతాననా? ఎన్నిసార్లు అడుక్కున్నా ఇంతకన్నా మంచి జవాబు దొరకలేదు.

రాజమౌళి తిరిగి సిరిసిల్ల పోయి సాంచాల మీద నిలబడ్డాడు. తర్వాత హుజూరాబాద్ పత్తి వ్యాపారి ఒకాయన, జరిగింది తెలిసి కూడా, తన జీపు నడపమని పిలిచాడు. వద్దన్నాడట. నా కాలు మీద నాకే నమ్మకం లేదు సేటూ అన్నాడట. వ్యాపారి నాకు ఈ మాట నవ్వుతూ చెప్పాడు. నేనూ నవ్వాను.

ఆ మధ్య పని మీద సిరిసిల్ల పోతే బజారులో కనపడ్డాడు. బక్కచిక్కి, దగ్గుతూ, వద్దన్నా వినకుండా ఇంటికి తీసుకుపోయాడు. వెనక నుంచి అందరూ ఏదో ఒకటి అన్నారని, మొహం మీద నిజం చెప్పింది ఈ అన్న ఒక్కడేనని భార్యకు చెప్పాడు. ఆమె చాయ్ తెచ్చి ఇచ్చింది. తాగాను. గొంతులో ఏమీ అడ్డం పడలేదు. అక్కడైనా చెప్పి ఉండాల్సింది. చెబితే అతనికి ఏం మిగులుతుందని మానుకున్నానా, నాకేం మిగలదని మానుకున్నానా? నా కోసమే మానుకున్నాను. ఇంకోలా చెబితే అది మరో అబద్ధం.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పే ధైర్యం వస్తుందో రాదో కూడా తెలియదు. కానీ ఆ రోజు షెడ్డులో అనాల్సిన మాటను ఒక్కసారైనా నా నోటితో అనాలి. ఇప్పుడు, మీరు వింటుండగా అంటున్నాను.

మౌళీ, నువ్వు మెల్లగనే ఎక్కిచ్చినవ్. నీ కాలు ఏ తప్పు చెయ్యలే.